నాయనమ్మ వేసుకునేది ఎలుకల మందా?

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య దీవించి రాస్తున్నది.

మొన్న ఫోన్‌లో చిన్ని ఏడుపు గొంతుతో "తాతయ్యా, నాయనమ్మ వేసుకునే వార్ఫరిన్ ఎలుకల మందట కదా!" అంది. అప్పటికప్పుడు సరిగా చెప్పలేకపోయాను. అమ్మా, నువ్వు విన్నది నిజమే. 1948లో అది ఎలుకల మందుగానే బజారుకొచ్చింది. అదే మాత్ర ఇవాళ మీ నాయనమ్మను కాపాడుతోంది. ఎలాగో చెబుతాను.

బుజ్జీ, సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మెట్ల మీద పడి మోకాలు దోక్కుపోయింది, గుర్తుందా? కాసేపటికి రక్తం ఆగింది, మర్నాటికి పక్కు కట్టింది. ముందు రక్తంలోని ప్లేట్‌లెట్లు దెబ్బ దగ్గర అతుక్కున్నాయి. తర్వాత ఫైబ్రిన్ అనే సన్నటి దారాలు వలలా అల్లుకుని రక్తకణాలను పట్టి ఆపాయి. ఆ వల అల్లడానికి కావలసిన ప్రొటీన్లలో కొన్నింటిని కాలేయం తయారు చేయాలంటే విటమిన్ కె ఉండాలి. తోటకూర, పాలకూరల్లో అది బాగా ఉంటుంది.

మీ నాయనమ్మకు గుండెలో కృత్రిమ వాల్వ్ పెట్టారు కదా. రాత్రి పక్కన పడుకున్నప్పుడు మీకు వినపడే టిక్ టిక్ దానిదే. మన రక్తానికి అది పరాయి వస్తువు, దాని మీద గడ్డ కట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకని ఆవిడ రక్తం మనందరి రక్తం కంటే కాస్త ఆలస్యంగా గడ్డకట్టాలి.

ఈ మందు దొరికింది పశువుల వల్ల. 1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. స్వీట్ క్లోవర్ అనే మేత తడిసి బూజు పడితే, అది తిన్నవాటికే ఇలా జరుగుతోందని అక్కడి పశువైద్యులు కనిపెట్టారు. గడ్డివాము తడిస్తే మన రైతు ఎంత దిగులుపడతాడో నేను చిన్నప్పటి నుంచీ చూశాను కాబట్టి ఈ కథ చదివినప్పుడల్లా మనసు అదోలా అవుతుంది. 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుఫానులో బండి నడుపుకుంటూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరకు వెళ్లాడు. వెంట చచ్చిన పెయ్య, బూజు మేత, పాలక్యానులో రక్తం. ఆ రక్తం గడ్డకట్టనే లేదు! ఆ మేత పెట్టొద్దని చెప్పడం తప్ప ఆ రోజు లింక్ చేయగలిగిందేమీ లేదు. కానీ ఆయనా ఆయన శిష్యులూ ఆ పాలక్యానును మర్చిపోలేదు. ఆరేళ్లు వెతికి, 1939లో బూజు మేతలోంచి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని కుటుంబంలో తర్వాత పుట్టిందే వార్ఫరిన్. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే డాక్టర్లు ఇదే ఇచ్చారు.

వాడిన విటమిన్ కె మళ్లీ పనికి రాకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. రోజుల తరబడి తిన్న ఎలుకకు లోపల రక్తం కారిపోతుంది. నాయనమ్మకు డాక్టరు ఇచ్చేది కొన్ని మిల్లీగ్రాములే, అదీ ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చూసి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడితే అందులో అంకె అంత పెరుగుతుంది. మామూలు మనుషులకు ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. ఆవిడకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు.

నిరుడు ఎవరో ఆకుకూరలు తినకూడదని చెబితే, గుంటూరులో ఉండి కూడా గోంగూరతో సహా అన్నీ మానేసింది పిచ్చి తల్లి. మూడు వారాలకు ఒకనాడు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. సింకంతా ఎర్రగా అయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరీక్ష చేయిస్తే 5.4 వచ్చింది. విటమిన్ కె తగ్గేసరికి అదే మాత్ర ఎక్కువ పనిచేసింది. డాక్టరు రెండ్రోజులు మాత్ర ఆపించి, "మానొద్దమ్మా, ఎప్పుడూ ఒకే లెక్కన తినండి" అన్నారు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఆకుకూర వండుతున్నాం. ఒళ్లునొప్పులకు సైతం డాక్టర్ని అడగకుండా ఏ బిళ్లా వేసుకోనివ్వను.

మాత్ర రాత్రి ఎనిమిదింటికి. వేసుకోగానే క్యాలెండర్‌లో టిక్ పెడుతుంది. మీరు సెలవులకు వచ్చాక ఆ టిక్ పెట్టే పని బుజ్జిగాడిది. డబ్బా మాత్రం ఇద్దరూ ముట్టుకోవద్దు. వచ్చే శనివారం మళ్లీ పరీక్ష ఉంది. సాయంత్రం అంకె రాగానే మొదటి ఫోన్ చిన్నికే.

మీ తాతయ్య