చెల్లి ఫోటో తీసే ముందు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

ప్రియమైన పిల్లలకు,

మొన్న సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఏడో తరగతి చదువుతోంది. వాళ్ళింట్లో చెల్లి పుట్టి నెల దాటింది. "అమ్మమ్మా, రెండు వందల ఫోటోలు తీశాను. ఒక్కటీ బాగా రాలేదు. చెల్లి నవ్వదు, నా వైపు చూడనే చూడదు" అంది. కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ. పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందలూ చూశాను. అన్నీ నిలబడి, మంచం మీద పడుకున్న పాపను పైనుంచి తీసినవే. పైన ట్యూబ్‌లైట్, పాప మొహం మీద ఫోన్ నీడ. తప్పు చెల్లిదీ కాదు, ఈ పిల్లదీ కాదు. ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు, అంతే. నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే స్టూడియో పెట్టుకుని చంటిపిల్లల ఫోటోలు తీశాను. ఆ పిల్లకు చెప్పిన మాటలు, ఇంట్లో పసిపాప ఉన్న మీకందరికీ చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పాప సంగతి తెలుసుకోండి, కెమెరా సంగతి తర్వాత. అప్పుడే పుట్టిన పాపకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త బాగా కనిపిస్తాయి. అమ్మ ఒళ్ళో పడుకుంటే అమ్మ మొహం ఇంచుమించు అంత దూరంలో ఉంటుంది. మీరు మంచం పక్కన నిలబడి చిటికెలు వేస్తే పాప ఎటని చూస్తుంది? నవ్వు కూడా అంతే. మనిషి మొహం చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. అంతకు ముందు నిద్రలో పెదవులు విచ్చుకుంటాయి, "దేవుడు నవ్విస్తున్నాడు" అంటారు మన ఇళ్ళల్లో. ఆ నవ్వు మనం రప్పిస్తే వచ్చేది కాదు. పాప పాలు తాగి నిద్రలోకి జారుకున్నాక, ఫోన్ సిద్ధంగా పెట్టుకుని పక్కన ఊరికే కూర్చోండి. దానంతట అదే వస్తుంది, రెండు సెకన్లు ఉండి పోతుంది.

ఇక వెలుతురు. చంటిపిల్లల ఫోటోకు కిటికీని మించిన లైటు లేదు. లక్షలు పోసి లైట్లు కొన్నాక కూడా నేను పగటిపూట కిటికీ దగ్గరికే వెళ్ళేదాన్ని. ట్యూబ్‌లైట్ ఆపేయండి. నేరుగా ఎండ పడని కిటికీ చూసుకోండి. మన హైదరాబాద్ ఏప్రిల్ ఎండైతే కిటికీకి పల్చటి తెల్ల పంచె ఒకటి కట్టండి, ఆ ఎండే మెత్తటి వెలుగై గదిలోకి వస్తుంది. పాపను కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో, తల కిటికీ వైపు, కాళ్ళు గది వైపు ఉండేలా, కాస్త ఏటవాలుగా పడుకోబెట్టండి. అప్పుడు వెలుగు నుదుటి మీద నుంచి బుగ్గల మీదకు, గడ్డం మీదకు దిగుతుంది. కాళ్ళు కిటికీ వైపు పెడితే వెలుగు కింది నుంచి పైకి వస్తుంది. కరెంటు పోయినప్పుడు గడ్డం కింద టార్చిలైటు పెట్టుకుని భయపెట్టే ఆట ఆడతారే, పాప మొహం అలా తయారవుతుంది.

ఫోటో తీశాక ఒక పని చేయండి. స్క్రీన్ మీద రెండు వేళ్ళతో పాప కన్ను పెద్దది చేసి చూడండి. నల్లగుడ్డులో చిన్న తెల్లటి చతురస్రం కనిపిస్తుంది. అదే మీ కిటికీ. ఫోటో స్పష్టంగా ఉంటే కిటికీ ఊచలు కూడా లెక్కపెట్టచ్చు, దాని ముందు తలొంచుకుని కూర్చున్న మీ నీడా కనిపిస్తుంది. కంట్లో ఆ మెరుపు ఉంటే మొహానికి ప్రాణం వస్తుంది. లేకపోతే ఎంత అందమైన పాపైనా బొమ్మలా ఉంటుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటి వారమంతా ఇదొక్కటే చూపించేదాన్ని.

తర్వాత, కిందికి దిగండి. పాప పడుకుని ఉంటే మీరూ చాప మీద బోర్లా పడుకోండి. కూర్చుంటే మీరూ కూర్చోండి. మీ ఫోన్ పాప కళ్ళ ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్ళు చిన్నగా వస్తాయి. ఇంకో మాట, ఫోన్‌ను మొహానికి మరీ దగ్గర పెట్టకండి, ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. రెండు అడుగులు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీస్తే మొహం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫ్లాష్ వద్దు. పసిపిల్లలు ఉలిక్కిపడి రెండు చేతులూ విదిలిస్తారు, ఆ తర్వాత ఏడుపే.

మన ఊరికీ ఫోటోలకూ ఉన్న బంధం మీరు తెలుసుకోవాలి. తొలినాళ్ళలో ఫోటో పడాలంటే కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళు ఉండగలరు, పిల్లలు ఎలా ఉంటారు? అందుకని విదేశాల్లో కొందరు తల్లులు దుప్పటి కప్పుకుని కుర్చీలా కూర్చుని, పిల్లను ఒళ్ళో కదలకుండా పట్టుకునేవారు. ఆ పాత ఫోటోల్లో పాప వెనక ముసుగు కింద మనిషి ఆకారం ఇప్పటికీ తెలుస్తుంది. 1870ల చివర్లో డ్రై ప్లేట్లు, అంటే ముందే మందు పూసి ఆరబెట్టిన గాజు పలకలు, అమ్మకానికి వచ్చాక సెకనులో కొంత భాగంలోనే ఫోటో పడటం మొదలైంది, పిల్లల ఫోటోలు తేలికయ్యాయి. ఆ రోజుల్లోనే, 1886లో, రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు ఆవిడ. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ కంటపడకుండా ఫోటో దిగడానికి ఆ ఏర్పాటు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో "ఆడపిల్లకు కెమెరా ఎందుకు" అన్నవాళ్ళు చాలామంది. ఆ జనానా స్టూడియో సంగతి చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. బాలింత తల్లులు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మధ్యలో పాప ఏడిస్తే మొహమాటం లేకుండా అక్కడే పాలు పట్టేవాళ్ళు. కడుపు నిండిన పాప ఫోటో వేరు, ఆకలి మీదున్న పాప ఫోటో వేరు. పిడికిలి చూస్తే తెలిసిపోతుంది. ఆకలిగా ఉంటే బొటనవేలు లోపలికి మడిచి గట్టిగా బిగించి ఉంటుంది. పాలు తాగుతూ ఉంటే ఒక్కో వేలూ వదులవుతూ, చివరికి అరచెయ్యి పువ్వులా విచ్చుకుంటుంది. మీరు ఫోన్ తీయాల్సింది అప్పుడు.

మా రోజుల్లో నా కెమెరాలో పెద్ద ఫిల్మ్ రోలు వేస్తే పన్నెండు ఫోటోలే. ఒక పాపకు ఒక రోలు. పన్నెండే ఉన్నాయి కాబట్టి, నొక్కే ముందు చాలాసేపు చూసేవాళ్ళం. మీకు లెక్క లేదు, అది మంచిదే. కానీ రెండు వందలు నొక్కడంలో పడి చెల్లిని చూడటం మానేయకండి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. స్టూడియో పెట్టిన రెండో ఏడు, తొమ్మిది నెలల బాబును తీసుకొచ్చారు. ఎత్తైన స్టూల్ మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ పరిచి కూర్చోబెట్టాను. అప్పట్లో అందరం అలాగే తీసేవాళ్ళం. రోలు తిప్పడానికి ఒక్క క్షణం తల వంచాను. బాబు తన కాలి గజ్జెను అందుకోవడానికి ముందుకు వంగాడు. పక్కనున్న నాయనమ్మ చొక్కా పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఈ రోజుకీ నా చేతులు చల్లబడతాయి. బాబుకు ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే స్టూల్ తీసేశాను. ఆ తర్వాత చివరి రోజు వరకూ నేల మీద బొంత పరిచే తీశాను. మీరూ అంతే. నేల మీదే, లేదా పెద్దవాళ్ళ ఒళ్ళో. ఫోటో తీసేవాళ్ళు కాకుండా ఇంకొక పెద్దమనిషి చెయ్యి చాపితే పాప అందాలి. ఆ చెయ్యి ఫోటోలో పడితే పడనివ్వండి.

ఇంటర్నెట్‌లో పసికందు గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని తల నిలిపినట్టు ఫోటోలు కనిపిస్తాయి. అవి ఒకే ఫోటో కాదు. ఒకదాంట్లో ఎవరో తల పట్టుకుంటారు, ఇంకోదాంట్లో చేతులు పట్టుకుంటారు, తర్వాత రెండూ కలిపి ఆ మనిషి వేళ్ళు చెరిపేస్తారు. మూడు నాలుగు నెలలు వచ్చేదాకా పాప మెడ నిలవదు. మాడు ఇంకా మెత్తగానే ఉంటుంది. అలాంటివి ఇంట్లో ప్రయత్నించకండి. ఎవరైనా చేయిస్తుంటే వద్దని చెప్పండి, పెద్దవాళ్ళైనా సరే.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులకు పంచదార చిలకలు. ఫోటోలు లేని కాలంలో మన అమ్మమ్మలు పిల్లల ఎదుగుదలను పిండివంటలతో గుర్తు పెట్టుకున్నారు. మీరు ఫోటోలు తీయాల్సిన రోజులు కూడా ఇవే. బోర్లా పడిన రోజు తల ఎత్తి ఆశ్చర్యంగా చూస్తుంది, ప్రపంచం తిరగబడిందన్నట్టు. అన్నప్రాసన నాడు పుస్తకం, పెన్ను, డబ్బు, బంగారం ముందు పెట్టి పాకిస్తారు కదా. అప్పుడు మీరు కెమెరా దగ్గర నుంచి పిలవకండి, గిలక్కాయ ఆడించకండి. పాప వస్తువులు వదిలేసి మీ దగ్గరికి వచ్చేస్తుంది. చప్పుడు చేయకుండా ఎదురుగా పడుకుని ఉండండి. చెయ్యి దేని మీద పడుతుందా అని చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టిన మొహాలు కూడా తీయండి. నాకైతే ఆ మొహాలే ఎక్కువ ఇష్టం.

ఐదారు నెలలు దాటిన పిల్లలతో దోబూచులాడండి. ఫోన్ వెనక దాక్కుని "బూ" అంటూ పక్కకు రండి. మొదటిసారి నవ్వుతారు, తీయకండి. రెండోసారి మళ్ళీ దాక్కోండి. ఇప్పుడు మీరు ఎక్కడి నుంచి వస్తారా అని ఎదురుచూస్తూ ఉంటారు, కళ్ళు పెద్దవై, నోరు కొంచెం తెరుచుకుని, పెదవి చివర చొంగ తీగలా వేలాడుతూ. అది తీయండి. ఏడిస్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టి ఎత్తుకోండి. ఫోటో కోసం ఏడిపించడం, ఏడుస్తుంటే ఇంకొక్కటి అనడం నాకు ససేమిరా నచ్చదు.

తీశాక బుగ్గ మీది దిష్టిచుక్క చెరపకండి. పుట్టుమచ్చ చెరపకండి. గోరు గీరుకున్న గీత ఉంటే తీసేయండి, అది రెండు రోజుల్లో పోయేదే. మచ్చ పాపది. స్నానం చేయిస్తున్నవి, ఒంటి మీద బట్ట లేనివి ఎవరికీ పంపకండి. మామూలు ఫోటో అయినా అమ్మానాన్నల్ని అడగకుండా ఎక్కడా పెట్టకండి. వద్దని చెప్పే వయసు పాపకు ఇంకా రాలేదు.

నెలకు ఒక్క ఫోటో అయినా ప్రింట్ వేయించండి. వెనక పెన్సిల్‌తో తేదీ, ఎవరు తీశారో రాయండి. పెన్ను ఇంకు ముందుకు ఊరుతుంది, పెన్సిలే మంచిది.

ఎదురింటి బంగారం, ఇది నీకు. ఆదివారం పదింటికి మా ఇంటికి రా. ఉత్తరం వైపు గదిలో కిటికీకి పంచె కట్టి, బొంత పరిచి ఉంచుతాను. చెల్లికి పాలు పట్టి, గుడ్డ మార్చి తీసుకురమ్మని మీ అమ్మతో చెప్పు. గిలక్కాయ తేకు, ఈ వయసులో దానికి పని లేదు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రా.

ప్రేమతో,
మీ అమ్మమ్మ