పానా ఎటు నుంచి పెట్టాలి?

సూళ్ళూరుపేట

ప్రియమైన పిల్లలకు,

దీవెనలు. పోయిన ఆదివారం మీలో ముగ్గురు మా ఇంటికి వచ్చి, రెండు కాలేజీల బ్రోచర్లు నా ముందు పెట్టి, "తాతయ్యా, రెండింట్లోనూ లీడర్‌షిప్, ఇన్నోవేషన్ అనే రాశారు. ఎక్కడ నిజంగా ఉందో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. ఇంతలో కరెంటు పోయింది, మీ అమ్మలు ఫోన్లు చేశారు, మాట మధ్యలోనే ఆగిపోయింది. మంచి ప్రశ్న అది. తీరిగ్గా జవాబు చెప్పాలనిపించి రాస్తున్నాను. మీతో ఇంటర్ చదువుతున్న మిగతావాళ్ళకి కూడా చూపించండి.

ముందు నాకు జరిగింది చెప్తాను.

నేను మెకానికల్ చదివింది ఎనభయ్యో దశకం మొదట్లో. ఫస్టియర్ వర్క్‌షాపులో ఫిట్టింగ్ అని ఒకటి ఉండేది. రెండు ఇనుప ముక్కలు ఇస్తారు. ఒకదాంట్లో వి ఆకారంలో గాడి కొయ్యాలి, రెండోదాన్ని ఆ గాడిలో సరిగ్గా కూర్చునేలా ఆకురాయితో అరగదియ్యాలి. రెండూ కలిపి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుగు కనపడకూడదు. చేతులు బొబ్బలెక్కేవి. నాకు ఇంజనీరింగ్ మీద ఇష్టం పుట్టింది ఆ గదిలోనే. అయితే ఆ ఒక్క ఏడాదే. తర్వాత మూడేళ్ళూ నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, పరీక్షలు. షెడ్డులో ఒక మంచి లేత్ మిషను ఉండేది, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు మాత్రం తాళం తీసి తుడిచేవాళ్ళు. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఆ లేత్ మీద చెయ్యి వెయ్యకుండానే.

ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో ఒక పంపుకు కవరు డ్రాయింగ్ గీసే పని నాకిచ్చారు. రెండు రోజులు కూర్చుని గీశాను. కొలతలన్నీ సరిపోయాయి, గీతలు శుభ్రంగా ఉన్నాయి. షాపులో ఒక పెద్దాయన, ఫిట్టరు, ఆ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నన్ను మిషను దగ్గరికి తీసుకెళ్ళి, చేతికి పానా ఇచ్చి, "బాబూ, ఈ బోల్టు బిగించాలంటే పానా ఎటు నుంచి పెట్టాలి?" అని అడిగాడు. పక్కనే పైపు. వెనక గోడ. పానా పెట్టడానికి చోటుంది గానీ, తిప్పడానికి లేదు. బోల్టు కాగితం మీద చక్కగా కూర్చుంది, మనిషి చెయ్యి దాని దగ్గరికి పోదు.

ఆయన కోప్పడలేదు. నా వెనక నిలబడి, మళ్ళీ గీసేదాకా ఉన్నాడు. ఆయన స్కూలుకి ఎంతదాకా వెళ్ళాడో నాకు తెలీదు. నాలుగేళ్ళ చదువులో ఒక్కరూ నన్ను అడగని ప్రశ్న ఆయన అడిగాడు. పిల్లలూ, ఆ ప్రశ్నని మొదటి ఏడాది నుంచే మిమ్మల్ని అడిగే చోటు దొరికితే, అదే మీరు వెతుకుతున్న కాలేజీ.

అలాంటి చోటు ఒకటి మనకి లోకల్ ట్రైనుకి అందే దూరంలోనే ఉంది. చెన్నైలో ఐఐటీ మద్రాస్. 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైంది. గిండీ అడవిని ఆనుకుని ఉంటుంది, హాస్టళ్ళ మధ్యన జింకలు తిరుగుతుంటాయి. ర్యాంకుల గురించి, ప్యాకేజీల గురించి మీకు ఎటూ చాలామంది చెప్తారు. నేను అక్కడున్న ఒక పెద్ద వర్క్‌షాపు గురించి చెప్తాను. పేరు సెంటర్ ఫర్ ఇన్నోవేషన్, అందరూ సీఎఫ్ఐ అంటారు. 1981లో చదువు ముగించుకుని వెళ్ళిన బ్యాచ్ వాళ్ళు డబ్బు పోగుచేసి ఇస్తే 2008లో పెట్టారు. నడిపేది విద్యార్థులే. ఆలోచనతో రండి, వస్తువుతో వెళ్ళండి అన్నది వాళ్ళ మాట. నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తాళం వేసిన లేత్‌ని మూడేళ్ళు కిటికీలోంచి చూసినవాణ్ణి, నాకు ఆ విలువ తెలుసు.

ఏడాదికోసారి ఓపెన్ హౌస్ పెట్టి, పిల్లలు చేసినవన్నీ బయటివాళ్ళకి చూపిస్తారు. ఒకసారి వెళ్ళాను. రేసు బండ్లు, డ్రోన్లు, సౌరశక్తితో నడిచే కారు, గొట్టంలో దూసుకుపోయే హైపర్‌లూప్ పాడ్, అన్నీ ఉన్నాయి. ఆ హైపర్‌లూప్ జట్టు 2019లో అమెరికాలో జరిగిన స్పేస్‌ఎక్స్ పోటీలో ఫైనల్ దాకా వెళ్ళింది. జనమంతా వాటి చుట్టూ ఉన్నారు. నేను మాత్రం ఒక మూల బెంచీ దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒక అమ్మాయి, సెకండియర్ అయ్యుంటుంది, చీపురుకట్టంత వైర్ల కట్టని ముందు పరుచుకుని కూర్చుంది. ఒక్కో వైరుకీ రెండు కొసల్లోనూ మాస్కింగ్ టేపు ముక్క చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో నంబరు రాసి ఉంది. మల్టీమీటరు ముళ్ళు ఈ కొసకొకటి, ఆ కొసకొకటి ఆనిస్తుంది. కీచుమని చప్పుడొస్తే వైరు ఎక్కడా తెగలేదని అర్థం, నోట్‌బుక్కులో టిక్కు. ఒకటి పలకలేదు. మళ్ళీ ఆనించింది, పలకలేదు. ఆ నంబరు చుట్టూ సున్నా చుట్టింది. ఇంతలో ఒక సీనియర్ అబ్బాయి వచ్చి, సాయంత్రం బండి నడిపి చూద్దామా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, ఇవాళ కుదరదంది. అతను సరేనని వెళ్ళిపోయాడు.

మీరు అడిగిన లీడర్‌షిప్ నాకు అక్కడ కనిపించింది. మైకు పట్టుకోవడంలో, కోటు వేసుకుని స్టేజీ ఎక్కడంలో ఉందని మనవాళ్ళు అనుకుంటారు. తన చేతిలో ఉన్న పని పూచీ తనదేనని ఒప్పుకుని, అది సరిగ్గా లేనప్పుడు తనకంటే పెద్దవాళ్ళకి కూడా "ఇవాళ కుదరదు" అని చెప్పగలగడం చాలా కష్టమైన విషయం. ఆ మాట విని వెనక్కి తగ్గగలగడం కూడా అంతే కష్టం. వైర్లు, ఇంజను, బాడీ, స్పాన్సర్లు, లెక్కలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి పని. ఒక్కరు ఆలస్యం చేస్తే అందరూ ఆగుతారు. ఇది క్లాసులో చెప్తే వచ్చేది కాదు. పందొమ్మిదేళ్ళ వయసులో నలుగురితో కలిసి ఒక బండి చేస్తే వస్తుంది. అక్కడ శాస్త్ర అని పెద్ద టెక్నికల్ ఫెస్ట్ జరుగుతుంది, దాన్ని కూడా విద్యార్థులే నడుపుతారు. డబ్బు తేవడం దగ్గర్నుంచి కుర్చీలు వేయించడం దాకా వాళ్ళ పనే.

ఇక ఇన్నోవేషన్. ఇది మెరుపులా తడుతుందని అనుకోకండి. రోడ్ల మీద ఏథర్ స్కూటర్లు చూస్తున్నారు కదా. తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ అని ఇద్దరు అక్కడ ఇంజనీరింగ్ డిజైన్ చదివి 2012లో బయటికొచ్చారు. మొదట వాళ్ళు చేద్దామనుకున్నది స్కూటరు కాదు, బ్యాటరీ. అప్పటికే బజార్లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకి మంచి బ్యాటరీ ఇస్తే చాలనుకున్నారు. పనిలోకి దిగాక గానీ అర్థం కాలేదు, బ్యాటరీ ఎంత బాగున్నా అది కూర్చునే బండి బాగాలేకపోతే లాభం లేదని. దాంతో మొత్తం స్కూటరే చెయ్యాలని తేల్చుకున్నారు. 2013లో కంపెనీ పెట్టారు, ఏథర్ 450 అమ్మకానికి వచ్చింది 2018లో. మధ్యలో అయిదేళ్ళు. ఆ మొదటి రోజుల్లో ఐఐటీయే వాళ్ళకి చోటిచ్చి, ఇంక్యుబేషన్ కింద చేరదీసింది. చదువు అయిపోగానే పిల్లల్ని గేటు దాటించి చేతులు దులుపుకోకపోవడం కూడా యూనివర్సిటీ పనేనని నా అభిప్రాయం.

మీకు బాగా దగ్గరి కథ ఇంకొకటుంది. 2024 మే 30, పొద్దున 7:15. శ్రీహరికోట నుంచి అగ్నిబాణ్ అనే చిన్న రాకెట్ లేచింది, అగ్నికుల్ కాస్మోస్ వాళ్ళది. నేను డాబా మీదే ఉన్నాను. పెద్ద రాకెట్లు లేచినప్పుడు మన కిటికీలు అదురుతాయే, అలాంటిదేమీ లేదు. వీడియో చూశాకే సంగతి తెలిసింది. ఆరు మీటర్ల పొడవు, మన రెండంతస్తుల మేడంత. కానీ దాని ఇంజను చూడండి. మామూలుగా రాకెట్ ఇంజన్ని వందల ముక్కలుగా చేసి అతుకుతారు. ప్రతి అతుకూ ఒక భయమే, ఎక్కడ కారుతుందో, ఎక్కడ చిట్లుతుందో అని. వీళ్ళు లోహపు పొడిని లేజరుతో కరిగించి పొర మీద పొర పేరుస్తూ, త్రీడీ ప్రింటర్లో ఇంజన్ని ఒకే ముక్కగా తీశారు. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో మండుతుంది. ఆ సెమీ క్రయోజెనిక్ రకం ఇంజనుతో మన దేశంలో ఎగిరిన మొదటి రాకెట్ అదే. నన్ను ఆ ఫిట్టరు అడిగిన ప్రశ్నే తీసుకోండి. వీళ్ళు బోల్టుని పక్కకి జరపడంతో ఆగలేదు. అసలు బిగించే పనే లేకుండా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు.

ఆ కంపెనీ 2017లో మొదలైంది. శ్రీనాథ్ రవిచంద్రన్, మోయిన్ కలిసి పెట్టారు. శ్రీనాథ్ ఐఐటీ మద్రాస్‌లో బీటెక్ చదివినవాడు కాదు. బయటి నుంచి ఆలోచనతో వచ్చినవాడు. ఏరోస్పేస్ ప్రొఫెసర్ సత్య చక్రవర్తి ఆయన మాట విని వెంట నిలిచారు. అక్కడి ల్యాబుల్లో, రీసెర్చ్ పార్కులో పని సాగింది. వచ్చినవాణ్ణి నీ ర్యాంకెంత అని అడగకుండా నీ దగ్గర ఏముందో చూపించు అన్నారు, అది నాకు గొప్పగా అనిపించింది. ఇంకో సంగతి మరిచిపోకండి. ఆ రాకెట్ లేచింది అయిదో ప్రయత్నంలో. అంతకు ముందు నాలుగుసార్లు ఆపేశారు. మే 28న అయితే ఇంకొన్ని సెకన్లు ఉందనగా ఆపారు. దేశమంతా చూస్తుండగా ఇవాళ కుదరదు అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ రోజు నాకు మల్టీమీటరు పట్టుకున్న అమ్మాయి గుర్తొచ్చింది.

మనవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్ స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న ఇక్కడి నుంచే లేచింది. దేశంలో ప్రైవేటు కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్ అది. పెట్టిన ఇద్దరూ, పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా, ఐఐటీల్లో చదివి, ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్ళే.

ఇదంతా చదివి, "మాకు ఐఐటీ రాకపోతే?" అని మీలో సగం మందికి టెన్షన్ పట్టుకుని ఉంటుంది. రాకపోవచ్చు. ఎక్కువమందికి రాదు కూడా. ఆ టెన్షన్‌తో నిద్ర పాడుచేసుకోవద్దు. ఆ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఎక్కడ కూర్చునైనా వినొచ్చు. డేటా సైన్స్‌లో బీఎస్ డిగ్రీ 2020లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు, దానికి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. వాళ్ళు పెట్టే పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసైతే చాలు. కాకపోతే వీడియో చూస్తే చేతికి పని రాదు, ఆ లోటు మీరే పూడ్చుకోవాలి.

ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టే ముందు, వీలుంటే ఆ కాలేజీకి మీ నాన్నతో కలిసి వెళ్ళండి. ఆఫీసుకి కాదు, ముందు వర్క్‌షాపుకి వెళ్ళండి. నేల మీద ఇనుప రజను ఉందా, లేక పెళ్ళివారి ఇల్లులా మెరుస్తోందా చూడండి. మెరుస్తుంటే నాకు అనుమానం. సాయంత్రం ఆరు దాటాక ల్యాబు తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడగండి. విద్యార్థులే బండి తయారుచేసి నడిపే బాజా పోటీకి బండి చేశారా, స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి ఎవరైనా వెళ్ళారా అని అడిగి, వెళ్ళినవాళ్ళతోనే మాట్లాడండి. గెలిచారా అని అడగొద్దు. ఏం విరిగింది, మళ్ళీ ఎలా చేశారు అని అడగండి. నిజంగా చేసినవాడు ఆ కథ అరగంట చెప్తాడు. ఊరికే సర్టిఫికెట్ కోసం పేరిచ్చినవాడు రెండు ముక్కల్లో ముగిస్తాడు.

ప్లేస్‌మెంట్లు చూడొద్దని నేను అనను. ఫీజు కోసం మీ ఇంట్లో ఎవరెవరి బంగారం బ్యాంకుకి వెళ్తుందో నాకు తెలుసు. బ్రాంచి దగ్గర మాత్రం ఒక మాట. అందరూ వెళ్తున్నారని సీఎస్ఈలోకి వెళ్ళకండి, ఇష్టముంటేనే వెళ్ళండి. రాకెట్‌కీ స్కూటర్‌కీ కోడ్ రాసేవాళ్ళూ కావాలి, లోహం తెలిసినవాళ్ళూ కావాలి, వేడి లెక్కగట్టేవాళ్ళూ కావాలి.

చేరిన కాలేజీలో తాళం వేసి ఉంటే, నాలాగా కిటికీలోంచి చూసి ఊరుకోకండి. నేను అడగలేదు. అడిగితే ఇచ్చేవారేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. నలుగురు కలిసి, ఏం చేద్దామనుకుంటున్నారో ఒక కాగితం మీద గీసుకుని వెళ్ళి అడగండి. ఒకసారి కాదంటే మళ్ళీ వెళ్ళండి.

ఇంకో పని. మా డాబా మీద నీళ్ళ మోటారు మూడు రోజుల నుంచి మొరాయిస్తోంది. మెకానిక్‌ని పిలవలేదు, మీ కోసం ఉంచాను. ఈ ఆదివారం పొద్దున్నే రండి. పానాలు, స్క్రూడ్రైవర్లు నా పెట్టెలో ఉన్నాయి. మెయిన్ ఆపేసి, మీరే విప్పండి. విప్పేటప్పుడు ఏ ముక్క ఎక్కడిదో గీసుకోవడానికి ఒక నోట్‌బుక్కు, నంబర్లు వేసుకోవడానికి ఒక మాస్కింగ్ టేపు చుట్ట తెచ్చుకోండి. టిఫిను అమ్మమ్మ చేస్తానంది.

మీ తాతయ్య