డెబ్బై సెంటీమీటర్ల రాగి తీగ

ఫోన్‌లో ఎఫ్‌ఎం పెడితే ముందు ఇయర్‌ఫోన్ పెట్టమంటుంది. స్పీకర్‌లోనే వింటానన్నా ఒప్పుకోదు. ఎందుకంటే ఆ తీగే దానికి యాంటెన్నా. రేడియో బాగా వినపడాలంటే ఖరీదైన సెట్టు కన్నా సరిగ్గా కొలిచి కోసిన తీగ ముఖ్యమని నా గట్టి నమ్మకం.

తరంగం తీగను తాకితే అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. విశాఖ రెయిన్‌బో ఎఫ్‌ఎం 102 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 10 కోట్ల 20 లక్షల ఊపులు. ఆ కదలిక ఒక కొస నుంచి రెండో కొసకు చేరేసరికి తరంగం ఊపు కూడా దిశ మార్చుకుంటే, ఊపుకు ఊపు తోడై తీగలో కరెంటు బలపడుతుంది. అందుకు తీగ పొడవు తరంగదైర్ఘ్యంలో (ఒక ఊపు పూర్తయ్యేలోగా తరంగం సాగే దూరంలో) సగం ఉండాలి. ఎక్కువ తీగ కడితే ఎక్కువ సిగ్నల్ వస్తుందనుకోవడం పొరపాటు.

లెక్క తేలికే. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 102కి అది 2.94, సగం 1.47. కొసల ప్రభావం వల్ల ఓ 5 శాతం తగ్గిస్తే 1.40 మీటర్లు. మధ్యలో తెంచితే చెరో 70 సెంటీమీటర్లు. దీన్నే డైపోల్ అంటారు. అదే మీడియం వేవ్‌లో విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్‌కైతే సుమారు 160 మీటర్లు కావాలి! అందుకే ఆ రేడియోల లోపల ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన అయస్కాంత పదార్థం) కడ్డీకి తీగ చుట్టి పెడతారు. సెట్టును తిప్పితే గొంతు పెరగడం, తగ్గడం దానివల్లే.

విశాఖ తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి ఇదీ చెప్పాలి. ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. తరంగదైర్ఘ్యం పది కిలోమీటర్లకు పైబడిన తరంగాలే కొన్ని మీటర్ల లోతుకు దిగగలవు. జలాంతర్గాములతో మాట్లాడటానికే తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే భారీ కేంద్రం నడుస్తోంది.

ఇక ఇంట్లో పని. పాత కేబుల్ టీవీ వైరు పారేయకండి. సిగ్నల్‌కు అది చూపే నిరోధం 75 ఓమ్‌లు, డైపోల్ మధ్యలో ఉండేదీ సుమారు 73 ఓమ్‌లే కాబట్టి రెండూ చక్కగా కలుస్తాయి. పీవీసీ పైపు మీద రెండు రాగి తీగలను ఎదురెదురుగా, మధ్యలో వేలి వెడల్పంత ఖాళీ వదిలి కట్టండి. కేబుల్ నడిమి రాగిని ఒకదానికి, చుట్టూ ఉన్న జల్లెడ తీగను రెండోదానికి సోల్డరింగ్ చేయండి. రేడియో దగ్గర నడిమి రాగిని యాంటెన్నా కడ్డీకి, జల్లెడను బ్యాటరీ మైనస్‌కు క్లిప్పులతో తగిలించండి.

అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి చూడండి. తీగ కొస స్టేషన్ వైపు ఉంటే దాదాపు ఏమీ అందదు, పక్క భాగం అటు తిరగాలి. ఎఫ్‌ఎం దాదాపు సూటిగా ప్రయాణిస్తుంది. మధ్యలో సింహాచలం కొండో కైలాసగిరో అడ్డొస్తే పొడవు మార్చి లాభం లేదు, ఎత్తుకు ఎక్కించాలి.

బీచ్ వైపు ఇళ్లలో అసలు శత్రువు ఉప్పుగాలి. అతుకు తెరిచి వదిలితే రాగి పచ్చగా చిలుమెక్కి, సిగ్నల్ రోజురోజుకీ సన్నగిల్లుతుంది. సోల్డరింగ్ మీద ఎం-సీల్ పూసి, పైన టేపు చుట్టండి. కరెంటు తీగలకు దూరంగా కట్టండి. ఉరుములు వినపడకముందే, మబ్బు పట్టగానే కేబుల్ ఊడదీయండి. వినడం వరకే సుమా, ఇలాంటి తీగతో హ్యామ్ (సరదా కోసం నడిపే రేడియో) బ్యాండ్లలో మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి.