ఓంకారం గొడవ వెనుక మైసూరు ప్యాలెస్

జూన్ 21, అంతర్జాతీయ యోగా దినోత్సవం దగ్గరపడితే చాలు, విజయవాడ పార్కుల్లో, స్కూలు గ్రౌండ్లలో పాత తగువు మళ్లీ లేస్తుంది. ఓంకారం పలికించాలా వద్దా, సూర్య నమస్కారాలు చేయించాలా వద్దా? మతమని కొందరు, వట్టి ఎక్సర్‌సైజేనని కొందరు. ఇందుకు వేదకాలం దాకా వెళ్లనక్కర్లేదు. 1930ల మైసూరు చాలు.

మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ అండతో తిరుమలై కృష్ణమాచార్య ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అక్కడ చేరింది సన్యాసులు కాదు, ఉడుకు రక్తం కుర్రాళ్లు. కళ్లు మూసుకుని కూర్చోమంటే ఎంతసేపు కూర్చుంటారు? ఊపిరికి జతచేసి ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి నడిపించేవారు. జనానికి చూపించడానికి ప్రదర్శనలూ ఉండేవి. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. ఇంకో శిష్యురాలు ఇంద్రాదేవి 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు. అలా లోకానికి యోగా అంటే ఒళ్లు వంచడమే అయింది. సూర్య నమస్కారాలదీ దాదాపు అదే కాలం. 1920ల్లో వాటిని వ్యాయామంగా ప్రచారం చేసింది మరాఠా దేశంలోని ఔంధ్ రాజా.

యోగసూత్రాలు చెప్పిన పతంజలి లెక్క వేరు. దాదాపు 195 సూత్రాల్లో ఆసనానికి ఇచ్చినవి మూడే. కదలకుండా, సుఖంగా కూర్చుంటే చాలన్నాడు. గురి కైవల్యం, అంటే మోక్షం. సూర్య నమస్కారాల ఊసే లేదు, ప్రణవ జపం, అంటే ఓంకారం పలకడం మాత్రం మొదటి పాదంలోనే (అధ్యాయంలోనే) ఉంది.

ఉమ్మడి గుంటూరు జిల్లా పెద్దవాళ్లకు ఈ కూర్చునే యోగం కొత్త కాదు. బాపట్లలో పుట్టిన ఆధ్యాత్మిక గురువు ఎక్కిరాల కృష్ణమాచార్య (మైసూరు కృష్ణమాచార్య వేరు) అనుసరించిన మాస్టర్ సి.వి.వి. యోగంలో ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కూర్చుని ప్రార్థన చేస్తారు. చాప మీద విన్యాసాలతో పనిలేదు. ఓంకారం తీసేస్తే మిగిలేది డ్రిల్లేనని ఈ దారివాళ్లు అంటే కొట్టిపారేయడం కష్టం.

ముస్లిం సంఘాల అభ్యంతరాల నడుమ 2015 తొలి యోగా దినోత్సవంలో సూర్య నమస్కారాలు పెట్టలేదు. మరుసటి ఏడాది ఓంకారం తప్పనిసరి కాదని కేంద్రం చెప్పింది. మొదటిది పోతే పతంజలికి నష్టం లేదు, రెండోది అలా కాదు. పిల్లలపై బలవంతం వద్దన్న తల్లిదండ్రుల మాటా సబబే. స్కూళ్లలో యోగా తప్పనిసరి చేయాలన్న పిటిషన్‌ను 2017లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మనసుకు నచ్చినదాన్ని ధ్యానించవచ్చన్న వెసులుబాటు సూత్రాల్లోనే ఉంది. పార్కు గొడవల్లో మాత్రం దాన్ని ఎవరూ ఎత్తరు.