ఎవరు ఎక్కడ ఉంటున్నారు: అమెరికా నగరాల్లో నివాస విభజనను లెక్కగట్టిన చరిత్ర

అమెరికా నగరాల్లో నల్లజాతివారు ఒకవైపు, తెల్లజాతివారు మరోవైపు స్థిరపడడం దానంతటది జరిగిన పరిణామం కాదు. ఎవరు ఏ వీధిలో ఉండాలో జాతిని బట్టి నిర్ణయించే పురపాలక చట్టాలు చెల్లవని 1917లో బుకానన్ వర్సెస్ వార్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక, అదే పనిని ఇళ్ల దస్తావేజుల్లోని షరతులు చేసిపెట్టాయి. నల్లజాతివారికి ఈ ఇల్లు అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు అన్న ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు వచ్చేదాకా వాటికి చట్టం అండ ఉంది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

ఈ విభజన ఎంత ఉందో చెప్పాలంటే నగరం మొత్తానికి ఇచ్చే జనాభా లెక్క చాలదు, పేటల వారీ లెక్క కావాలి. న్యూయార్క్‌లో వాల్టర్ లెయిడ్‌లా చేసిన ప్రతిపాదన ఆధారంగా 1910 సెన్సస్‌లో ఎనిమిది నగరాలను ‘ట్రాక్టు’లనే చిన్న ప్రాంతాలుగా విడగొట్టారు. ఇప్పుడు ఒక్కో ట్రాక్టులో సగటున 4,000 మంది ఉంటారు. 1940 గృహ గణనతో పెద్ద నగరాలకు అంతకన్నా చిన్నవైన, చుట్టూ వీధులుండే బ్లాకుల వారీ అంకెలు కూడా అందుబాటులోకి వచ్చాయి.

అంకెలు చేతికొచ్చాక ఏ సూత్రం వాడాలన్న వాదం మొదలైంది. 1955లో సమాజశాస్త్రవేత్తలు ఓటిస్ డడ్లీ డంకన్, బెవర్లీ డంకన్ అప్పటి సూచికలన్నిటినీ పోల్చి చూశాక వ్యత్యాస సూచిక ప్రామాణికంగా స్థిరపడింది. రెండు వర్గాలూ ప్రతి పేటలోనూ నగరమంతటా ఉన్న నిష్పత్తిలోనే ఉండాలంటే ఒక వర్గంలో నూటికి ఎందరు ఇల్లు మారాలో అది చెబుతుంది. 0 అంటే విభజనే లేదు, 100 అంటే పూర్తి విభజన. 1960 నాటి బ్లాకుల అంకెలతో కార్ల్ ట్యూబర్, ఆల్మా ట్యూబర్ 207 నగరాలకు దీన్ని లెక్కగడితే ఏ ఒక్క నగరంలోనూ 60 కన్నా తగ్గలేదు. పేదరికం వల్లే వేరుగా ఉంటున్నారన్న సమాధానం నిలవదని, ఆదాయాల తేడా ఈ విభజనలో కొద్ది భాగాన్నే వివరిస్తుందని కూడా వారు చూపారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా బరువైన ఫలితం ఇదే.

అయితే ఈ సూచిక గీతలు ఎక్కడ గీశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక ట్రాక్టు మధ్యగా పెద్ద రోడ్డు పోతోందనుకుందాం. రోడ్డుకు తూర్పున 2,000 మంది నల్లజాతివారే, పడమర 2,000 మంది తెల్లజాతివారే ఉన్నారు. నగరంలోని ట్రాక్టులన్నీ ఇలాగే ఉంటే ట్రాక్టుల లెక్కన సూచిక 0 వస్తుంది, అదే బ్లాకుల లెక్కన 100 వస్తుంది. పైగా నల్లజాతి పేటలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నా, నగరమంతా చెదిరి ఉన్నా ఈ సూత్రానికి తేడా తెలియదు. అందుకే 1988లో డగ్లస్ మాసీ, నాన్సీ డెంటన్ 20 సూచికలను పరిశీలించి, విభజనకు సమ పంపిణీ, పరస్పర సాన్నిహిత్యం, ఇరుకుదనం, నగర కేంద్రానికి దగ్గరితనం, పేటలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం అనే ఐదు ముఖాలున్నాయని తేల్చారు.

ఎవరిని ఏ గడిలో వేశారన్నది ఇంకో చిక్కు. మనవాళ్ల సంగతే చూడండి. 1920 నుంచి 1940 దాకా భారతీయులను, మతంతో నిమిత్తం లేకుండా, సెన్సస్‌లో ‘హిందూ’ అనే జాతిగా రాశారు. 1970లో తెల్లజాతివారిలో కలిపేశారు. ‘ఏషియన్ ఇండియన్’ అన్న గడి 1980లో వచ్చింది. కాబట్టి అక్కడి భారతీయుల నివాస విభజనను 1970తో పోల్చి చెప్పడం కష్టం. 2000 నుంచి ఒకరు ఒకటికి మించిన జాతులను ఎంచుకునే వీలు రావడంతో, నల్లజాతి అంటే ఆ ఒక్కటే ఎంచుకున్నవారా, మరొకటి కలిపి ఎంచుకున్నవారా అన్నది పరిశోధకులే ముందుగా నిర్ణయించుకోవాల్సి వస్తోంది.

2020 సెన్సస్‌లో వ్యక్తుల గోప్యత కోసం చిన్న ప్రాంతాల అంకెలను కావాలనే కాస్త అటూఇటూ మార్చి విడుదల చేశారు. రాష్ట్రాల మొత్తం జనాభా మారలేదు గానీ, కొద్దిమంది మాత్రమే ఉండే బ్లాకులో జాతుల వారీ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. ఒకప్పుడు ట్యూబర్ దంపతులు ఆధారపడింది ఆ బ్లాకుల అంకెల మీదే.