గ్రావెల్ గొయ్యి కూడా బావే

ఎండాకాలంలో గుణుపురం, కాశీనగర్ దగ్గర వంశధారని చూస్తే సగానికి పైగా ఇసుక మేటలే కనిపిస్తాయి. నీళ్లు లేవని కాదు, పైకి కనపడవంతే. ఇసుక, గులకరాళ్ల పొరల సందుల్లోంచి నీరు నెమ్మదిగా కిందికి కదులుతూనే ఉంటుంది. ఇవతల భామిని వైపు రైతు నేలబావికి ఇంజిను పెట్టినా, అవతల ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్లు ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకున్నా అందరికీ అందేది ఆ నీరే. గ్రావెల్ (గులక) తవ్వకాల మీద గొడవ వచ్చినప్పుడు టిప్పర్లు, దుమ్ము, పాడైన రోడ్లు, ఎగ్గొట్టిన సీనరేజి (ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుం) అన్నీ మాట్లాడతాం గానీ నీటి సంగతి చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. మొదట అడగాల్సింది అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఏటి ఇసుక, గులక కలిసిన పొరలో నీటిమట్టం దిగినప్పుడు ఒక్కో ఘనపు మీటరు నుంచి సుమారు 200 లీటర్ల నీరు బయటికి వస్తుంది. మన తూర్పు కనుమల ఖొండలైటు, గ్రానైటు రాయిలో నీరుండేది పగుళ్లలోనే, అక్కడ 10, 20 లీటర్లు వస్తే ఎక్కువ. అంటే కొండల మధ్య ఉన్న ఈ ఊళ్లకి నీళ్లు దాచుకునే చోటు ఏటి పక్క పొరలే, టిప్పరుకెక్కుతున్నది కూడా అవే.

తవ్విన గోతి గోడని దగ్గరగా చూడండి. పైభాగం పొడిగా, లేత రంగులో ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఒక చోట రంగు ముదురుతుంది, గులకల మధ్య నుంచి సన్నగా ఊట కారుతూ ఉంటుంది, ఆ గీత కింద గోడ నిలవదు, జారిపోతూ ఉంటుంది. ఆ గీతే భూగర్భ జలమట్టం. పొక్లెయిన్ బకెట్ ఆ గీత దాటిన క్షణం నుంచి అది ఒట్టి గొయ్యి కాదు, ఎకరాల వెడల్పు నోరున్న బావి.

ఆ నోటి మీద ఎండ పడుతుంది. మండువేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకున్నా, హెక్టారు గోతి నుంచి రోజుకి 50 వేల లీటర్లు పోతాయి, అంటే ఊళ్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, కాబట్టి ఎవరి కంటా పడదు. వానాకాలంలో గోతి మీద కూడా వాన పడుతుందిగా అంటారు, పడుతుంది, కానీ మూడు మీటర్ల మట్టి, ఇసుక కింద చల్లగా దాగి ఉండాల్సిన నీరు ఏడాది పొడవునా ఎండకి తెరిచి ఉండటం వేరు.

ఇంకో చిక్కు ఉంది. భూమి లోపల నీటిమట్టం నేల వాలుని బట్టి వాలుగా ఉంటుంది, గోతిలో నీరు మాత్రం సమంగా నిలుస్తుంది. దాంతో గోతికి ఎగువనున్న బావుల్లో మట్టం దిగుతుంది, దిగువన కాస్త లేస్తుంది. అందుకే ఒకే గోతి గురించి ఒక రైతు బావి ఎండిపోయిందంటాడు, ఇంకొకాయన నాకేమీ కాలేదంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇక గోతిలో నీళ్లు తోడి పారబోస్తూ తవ్వితే చుట్టూ అన్ని వైపులా మట్టం పడిపోతుంది. ఏటి మధ్యలో అదుపు లేకుండా తవ్వి పాయనే లోతు చేస్తే అన్నిటికన్నా నష్టం, ఎందుకంటే ఏరు ఎంత దిగితే రెండు ఒడ్డుల మీది నీరూ అంత దిగువకి లాగబడుతుంది. బావిలో పాత ఒరల (సిమెంటు వలయాల) కింద ఇంకో రెండు ఒరలు దింపాల్సిన ఖర్చు రైతుది.

మరి చట్టం? 1843లో ఇంగ్లండ్‌లో యాక్టన్, బ్లండెల్ కేసని ఒకటి నడిచింది. బొగ్గు గని తవ్వితే పక్క మిల్లు బావి ఎండిపోయింది. తన నేల కింద తవ్వుకున్నవాడు పరిహారం ఇవ్వక్కర్లేదని కోర్టు తేల్చింది. ఆ ఆలోచనే పక్కపక్క నేలల యజమానుల హక్కుల గురించి చెప్పే మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలోకి వచ్చింది: తన నేల కింద, ఫలానా పాయగా పారని నీరు ఆ నేల యజమాని వాడుకోవచ్చు. నీరు గట్ల కింద ఆగదని తెలిసిన ఈ కాలంలో కూడా ఆ ముక్క పుస్తకంలో ఉంది.

తర్వాత వచ్చినవి కొంత నయం. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు ఇసుక, గ్రావెల్ లీజులకి కూడా పర్యావరణ అనుమతి తప్పదంది. 2020 కేంద్ర మార్గదర్శకాలు ఏట్లో తవ్వకం లోతుని 3 మీటర్లకి పరిమితం చేసి, ఒడ్డు నుంచి నది వెడల్పులో నాలుగో వంతు, ఎంత తక్కువైనా 7.5 మీటర్లు, వదలమన్నాయి. మన సరిహద్దులో ఇంకో తలనొప్పి ఉంది. ఒడిశా వైపు గని నీటిమట్టాన్ని తాకితే 1997లో ఏర్పడిన కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. ఆంధ్ర వైపు 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం. రెండు ఆఫీసులు, రెండు రకాల కాగితాలు, కింద పొర మాత్రం ఒకటే. వాల్టాలో బావి అంటే నీటి కోసం తవ్వినది, రాయి కోసం తవ్వి నీరు తేలితే ఆ లెక్కలోకి తేలిగ్గా రాదు. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు రైతు బోరు వేసుకోవాలంటే అనుమతి కావాలి, పక్కనే నీరు తేలిన గోతిని మాత్రం ఎవరూ బావిగా చూడరు. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది.

అమెరికాలోని కొలరాడోలో ఈ ప్రశ్నే 1988లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జిగన్ అనే గ్రావెల్ కంపెనీ కేసులో, భూగర్భజలం బయటపడిన గొయ్యి బావి కిందే లెక్క అని, దానికి బావి పర్మిట్ ఉండాలని తీర్పు వచ్చింది. ఆవిరైపోయే నీటికి బదులు నీరు తెచ్చి నదికి కలపాలి, అప్పటికే హక్కున్న దిగువ రైతు నష్టపోకూడదు. అందుకే అక్కడ చాలా కంపెనీలు గోతి చుట్టూ నేలలో బంకమట్టి గోడ దింపి, బయటి నీరు లోపలికి రాకుండా కట్టేస్తాయి. మనకి అంత కట్టుదిట్టం ఇవాళే రాకపోవచ్చు, గోతిని బావిగా లెక్కపెట్టడం మాత్రం రేపే మొదలుపెట్టవచ్చు.

అప్పటిదాకా ఊరు చేసుకోగలిగిన పని ఒకటుంది. లీజు మాట వినపడగానే, తవ్వకం మొదలవకముందే, చుట్టుపక్కల బావుల్లో తాడుకి రాయి కట్టి గట్టు నుంచి నీటి దాకా ఎన్ని మూరలో కాదు, టేపు పెట్టి ఎన్ని అడుగులో కొలిచి, తేదీతో రాసి, పంచాయతీ కార్యదర్శితో సంతకం పెట్టించుకోండి. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. తర్వాత బావి ఎండితే అధికారి మొదట అడిగేది ముందు ఎంత ఉండేదనే, ఆ అంకె చేతిలో లేకే చాలా అర్జీలు అక్కడే ఆగిపోతాయి. అవతలి ఒడ్డువాళ్లతో కూడా అదే రోజు కొలిపించండి, చుట్టాలు ఎలాగూ ఉన్నారు.