కిడ్నీ మార్చాక ఊపిరితిత్తిలో మచ్చ

కిడ్నీ మార్పిడి అయి కొన్ని నెలలైంది. ఇప్పుడు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో మచ్చ. మన దేశంలో ఎవరికైనా ముందు తట్టేది టీబీయే. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. కానీ అచ్చం అలాగే కనిపించే మరో బ్యాక్టీరియా ఉంది, దాని పేరు నోకార్డియా.

1888లో ఫ్రెంచ్ పశువైద్యుడు ఎడ్మండ్ నోకార్డ్, గ్వాడెలూప్ దీవి పశువుల జబ్బులో దీన్ని గుర్తించాడు. ఇది మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో బతుకుతుంది. దుమ్ముతోపాటు ఎవరి ఊపిరితిత్తుల్లోకైనా వెళ్ళగలదు. ఆరోగ్యవంతుల్లో రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు దాన్ని అక్కడే అణిచేస్తాయి. అవయవ మార్పిడి అయినవాళ్ళు వాడే టాక్రోలిమస్ అనే మందు అదుపు చేసేది సరిగ్గా ఆ టి కణాలనే. అలా చేయకపోతే కొత్త కిడ్నీ నిలవదు.

చిక్కంతా ల్యాబ్‌లో. టీబీ పరీక్షలో స్లైడుకు రంగు పట్టించి సాధారణంగా 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడుగుతారు. ఆ ఘాటుకు నోకార్డియా చాలావరకు రంగు వదిలేస్తుంది. 1 శాతం ఆమ్లంతో కడిగితే, కొమ్మలు కొమ్మలుగా చీలిన సన్నటి పోగులు ఎర్రగా నిలుస్తాయి. ప్లేట్లలో బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌లోనూ నెమ్మదే, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే నోకార్డియా అనుమానం ఉందని డాక్టరు చీటీలో రాయడం చాలా ముఖ్యం. రాయకపోతే ప్లేట్లను అంతకాలం ఉంచకుండా పారేసే ప్రమాదం ఉంది.

పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెడితే రెండు వైపులా నష్టం. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల కాలేయం టాక్రోలిమస్‌ను త్వరత్వరగా విరిచేస్తుంది. డోసు సరిచూడకపోతే మార్చిన కిడ్నీకే ముప్పు. ఈలోగా నోకార్డియా రక్తంలో కలిసి మెదడుకు చేరి చీముగడ్డ కట్టొచ్చు. తలనొప్పి కూడా లేకుండానే గడ్డ ఉండొచ్చు కనుక, ఊపిరితిత్తిలో ఇది బయటపడితే మెదడుకు స్కాన్ తీయడం తప్పనిసరి అనే అంటాను.

మందు మాత్రం కొత్తదేమీ కాదు, చవకైన పాత కోట్రైమోక్సజోల్. జబ్బు తీవ్రంగా ఉంటే ఇమిపెనెమ్, అమికాసిన్ ఇంజెక్షన్లు కలుపుతారు. కనీసం ఆరు నెలలు, మెదడుకు పాకితే ఏడాది వాడాలి. మార్పిడి తర్వాత ముందుజాగ్రత్తగా ఇచ్చే తక్కువ డోసు కోట్రైమోక్సజోల్ దీన్ని పూర్తిగా ఆపలేదు.

వ్యవసాయంతో బతికేవాళ్ళకు మట్టి ముట్టొద్దని చెప్పడం కుదరదు. దుమ్ము రేగే పనిలో మాస్కు, చేతులకు తొడుగులు, గాయాలకు కట్టు ఉండాలని చెప్పాలి. జ్వరమొస్తే మార్పిడి జరిగిన సంగతి, పొలం పని సంగతి రెండూ డాక్టరుకు చెప్పాలి. ఇంట్లోవాళ్ళు భయపడి దూరం జరగనక్కర్లేదు. టీబీలాగా ఇది దగ్గుతో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు.